సర్కారు బడిలో దేవుడి పాఠం చెప్పొచ్చా? అంబేడ్కర్ గీసిన గీత ఎక్కడుంది?

డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా, మామిడికుదురు మండలం. ఇక్కడి నగరం గ్రామం పేరు చెబితే చాలామందికి 2014 జూన్ 27న జరిగిన గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలుడే గుర్తొస్తుంది. కానీ ఈ ఊరి చుట్టుపక్కలకు ఇంకో లెక్క కూడా ఉంది. ఇదే మండలంలో అప్పనపల్లి బాలబాలాజీ ఆలయం ఉంది. ఇదే మండలం ఆదుర్రులో పురాతన బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. మసీదులున్నాయి. పేటల్లో చర్చిలున్నాయి. ఊరికో గ్రామదేవత ఎలాగూ ఉంది.

ఈ ఇళ్ల పిల్లలంతా ఒకే బెంచీ మీద కూర్చునే చోటు ఒక్కటే.. గవర్నమెంటు బడి. అక్కడ టీచరు దేవుడి గురించి ఏం చెప్పొచ్చు? ఏం చెప్పకూడదు? ప్రేయర్‌లో చేతులు జోడించని పిల్లాడిని మందలించొచ్చా? భాగవతం పద్యం కంఠస్థం చేయించడం మత బోధ అవుతుందా?

ఈ ప్రశ్నలు కొత్తవేం కాదు. అయితే రెండేళ్లుగా తెలుగు రాష్ట్రాల్లో వీటి మీద చర్చ పెరిగింది. 2024 నవంబర్‌లో ఏపీ ప్రభుత్వం ప్రముఖ ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా, కేబినెట్ హోదాతో నియమించింది. పిల్లలకు మంచీచెడూ చెప్పేవాళ్లు కావాలి కదా అని చాలామంది తల్లిదండ్రులు సంతోషించారు. ప్రవచనాలు చెప్పే పెద్దాయనకే ఈ బాధ్యత ఎందుకు అన్న ప్రశ్న కూడా సహజంగానే వచ్చింది. రెండు వైపులా గట్టిగా మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది చూడని కాగితం ఒకటుంది. అది రాజ్యాంగంలోని ఆర్టికల్ 28.

ఆర్టికల్ 28 ఏం చెబుతోంది?

అసలు విషయం చిన్నదే. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మత బోధ ఉండకూడదు. అంతే. జిల్లా పరిషత్ హైస్కూలు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, మున్సిపల్ స్కూలు, ప్రభుత్వ గురుకులం, కస్తూర్బా విద్యాలయం.. ఇవన్నీ ఈ గీత లోపలికే వస్తాయి. ఇక్కడ తల్లిదండ్రులు ఒప్పుకున్నా సరే, గ్రామమంతా ఒకే మతం వాళ్లయినా సరే, మత బోధ కుదరదు. మెజారిటీ అభిప్రాయంతో పనిలేదు.

ఒక మినహాయింపు ఉంది. ఎవరో దాత ఆస్తి రాసిచ్చి, ఇక్కడ ఫలానా మత బోధ జరగాలని షరతు పెట్టి ట్రస్టు కింద స్థాపించిన సంస్థను తర్వాత ప్రభుత్వం నడుపుతుంటే, ఆ నిషేధం దానికి వర్తించదు.

మూడో క్లాజే చాలామందికి తెలియనిది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి గానీ, ప్రభుత్వ సాయం తీసుకునే బడి గానీ.. అందులో మత బోధ ఉండొచ్చు. కానీ ఏ విద్యార్థినీ అందులో కూర్చోమని, ఆ పూజకో ప్రార్థనకో రమ్మని బలవంతం చేయకూడదు. పిల్లలు మైనర్లయితే తల్లి, తండ్రి లేదా సంరక్షకుడి సమ్మతి ఉండాలి. గుర్తింపు ఉన్న బడి అంటే ఏమిటి? టెన్త్ పరీక్ష రాయించే ప్రతి ప్రైవేటు స్కూలూ అదే. మిషనరీ కాన్వెంటు, సరస్వతీ మందిరం, మైనారిటీ స్కూలు, అమలాపురంలో బస్సులు నడిపే ఇంగ్లిష్ మీడియం స్కూలు.. అన్నీ. అడ్మిషన్ ఫారంలో బ్లడ్ గ్రూపు దాకా అడిగే స్కూళ్లలో ఈ సమ్మతి కాలమ్ ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడండి.

ఇక్కడ ఏపీకి ప్రత్యేకమైన ముడి ఒకటి పడింది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థలపై కొత్త విధానం తెచ్చింది. కొన్ని సంస్థలు ప్రభుత్వంలో కలిశాయి, కొన్ని ఎయిడ్ వదులుకున్నాయి. ఆస్తులు, టీచర్లు, జీతాల గురించి అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. కానీ ఒక బడి ఎయిడెడ్ నుంచి పూర్తి ప్రభుత్వ బడిగా మారితే మూడో క్లాజు పోయి మొదటి క్లాజు వర్తిస్తుంది. అంటే నిన్నటిదాకా సమ్మతితో నడిచిన ప్రార్థన, ఈ రోజు నుంచి సమ్మతి ఉన్నా కుదరదు. గోడ మీద బోర్డు మారినంత తేలిగ్గా బడి అలవాటు మారదు కదా.

ఆ రోజు అంబేడ్కర్ ఏమన్నారు?

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా పేరుకు ముందు అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదన మీద అదే ఏడాది మే 24న అమలాపురం తగలబడింది. పేరు మాత్రం నిలిచింది. ఆ పేరున్న మనిషే 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి, సర్కారు బడిలో మత బోధ ఎందుకు వద్దో వివరించారన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆయన వాదనలో మొదటి మాట పన్నుల గురించి. అందరి పన్నులతో వచ్చిన డబ్బును ఏ ఒక్క మతం కోసమో ఖర్చు చేయకూడదని రాజ్యాంగం ముందే ఒప్పుకుంది. రెండో మాట మరీ ఆచరణాత్మకం. బొంబాయి లాంటి ఊరిని ఉదాహరణగా తీసుకుని, ఒక బడిలో హిందువులకు మత బోధ పెడితే ముస్లింలకు పెట్టాలి, క్రైస్తవులకు పెట్టాలి, జైనులకు పెట్టాలి, హిందువుల్లో మళ్లీ శైవులు, వైష్ణవులకు విడివిడిగా పెట్టాలి.. అందర్నీ సమానంగా చూడాలంటే ఇది ప్రభుత్వానికి అసాధ్యమైన పని అన్నారు. మూడోది కాస్త ఘాటైనది. ప్రతి మతమూ తన దారే సరైందని చెబుతుంది, మిగతావి తప్పంటుంది, ఆ పోటీని బడిలోకి తెస్తే బడి ప్రశాంతత పోతుంది అన్నది ఆయన భయం.

అదే ప్రసంగంలో ఆయన ఇంకో గీత కూడా గీశారు. మత బోధ వేరు, మతాల అధ్యయనం వేరు. ఫలానా దాన్ని నమ్మి తీరాలి అని చెప్పడం బోధ. ఫలానా మతం ఏమంటోంది, ఎక్కడ పుట్టింది, ఎలా మారింది అని తెలుసుకోవడం చదువు. మొదటిది వద్దన్నారు గానీ రెండోదాన్ని కాదనలేదు. తర్వాత కోర్టులు చెప్పినవన్నీ దాదాపు ఈ ఒక్క తేడా చుట్టూనే తిరిగాయి.

బొంబాయి అన్నారు గానీ ఆ ఉదాహరణకు మామిడికుదురు మండలమైనా సరిపోతుంది.

180 ఏళ్ల కిందటే మద్రాసులో గొడవ

బడిలో మతం గురించిన పోరాటాన్ని మొదట నడిపినవారిలో ఒకరు తెలుగు వ్యాపారి. పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి. మద్రాసులో నీలిమందు, బట్టల వ్యాపారం చేసే కుటుంబం ఆయనది. 1844లో క్రిసెంట్ అనే ఇంగ్లిష్ పత్రిక పెట్టారు. అప్పటి మద్రాసు గవర్నర్ మార్క్విస్ ఆఫ్ ట్వీడ్‌డేల్ 1846లో ప్రభుత్వ బడుల్లో బైబిల్‌ను తరగతి పుస్తకంగా పెట్టాలని ప్రతిపాదించారు. లక్ష్మీనరసు శెట్టి ఆధ్వర్యంలో మద్రాసులో పెద్ద సభ జరిగింది. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు వినతిపత్రం వెళ్లింది. మరుసటి ఏడాది డైరెక్టర్లు ఆ ప్రతిపాదనను తోసిపుచ్చారు.

గోదావరి ప్రాంతం కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. కాబట్టి ఈ గొడవ పరాయి ఊరిది కాదు.

తర్వాత 1854లో వచ్చిన వుడ్స్ డెస్పాచ్ మధ్యేమార్గం పట్టింది. ప్రభుత్వ బడుల్లో మత బోధ వద్దు, కానీ బైబిల్ లైబ్రరీలో ఉండొచ్చు, విద్యార్థి తనంతట తాను అడిగితే క్లాసు అయ్యాక టీచరు చెప్పొచ్చు అంది. మిషనరీ బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతికి కూడా అప్పుడే తలుపు తెరిచింది. ఈనాటి ఆర్టికల్ 28లోని ప్రభుత్వ బడి, ఎయిడెడ్ బడి తేడాకు మూలం అక్కడే కనిపిస్తుంది.

మిషనరీ బడుల కథలో రెండు ముఖాలున్నాయి, ఒకటే చెబితే అన్యాయం. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడిలో బైబిల్ పాఠం తప్పనిసరిగా ఉండేది. 1850ల్లో అగ్రకులాలకు చెందిన విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు భయపడి పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. తమ పిల్లలు ఇంగ్లిష్ కోసం వెళ్తే మతం మారి వస్తారేమోనన్న ఆ భయం ఉత్తుత్తి భయం కాదు.

రెండో ముఖం గోదావరి డెల్టాలో ఉంది. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు నర్సాపురం కేంద్రంగా పనిచేశారు. వశిష్ఠ గోదావరికి అవతలి గట్టు నర్సాపురం అయితే ఇవతలి గట్టు సఖినేటిపల్లి. ఊరి బడి గడప తొక్కనివ్వని మాల, మాదిగ పిల్లలకు అక్షరం నేర్పిన బడులు ఆ కాలంలో మిషన్లు పెట్టినవే ఎక్కువ. అక్కడ అక్షరంతోపాటు ప్రార్థన కూడా నేర్పారు. నిజమే. కానీ ప్రార్థన లేని ఊరి బడి ఆ పిల్లల్ని లోపలికే రానివ్వలేదన్నది కూడా నిజమే. బడిలో మతం వద్దు అనే మాటను దళిత పేటల్లో పెద్దవాళ్లు కాస్త అనుమానంగా వినడానికి కారణం ఇదే.

మరి భాగవతం పద్యాలు, వేమన, గబ్బిలం?

సోషల్ మీడియాలో తరచూ వినిపించే మాట ఒకటుంది.. మతం వద్దంటే తెలుగు పుస్తకంలో సగం పేజీలు చింపేయాల్సి వస్తుంది అని. ఇది కొంత నిజం, కొంత తప్పు.

తెలుగు కావ్యం మొదలైందే మహాభారతంతో. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి ఆస్థానంలో, ఇదే గోదావరి గట్టున రాజమహేంద్రవరంలో నన్నయ దాన్ని మొదలుపెట్టారు. పోతన భాగవతం, మొల్ల రామాయణం, ధూర్జటి శతకం, రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్న దాశరథీ శతకం.. భక్తిని పక్కన పెడితే పాత తెలుగు సాహిత్యంలో మిగిలేది తక్కువే. పక్కనే పిఠాపురంలో పీఠాధిపతిగా ఉన్న ఉమర్ అలీషా ముస్లిం, ఆయనా తెలుగులో పద్యాలు రాశారు. గుర్రం జాషువా 1941లో వెలువరించిన గబ్బిలంలో గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన మొరను గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి చెప్పి పంపుతాడు. అది మత పాఠమా, మతం మీద ప్రశ్నా? రెండూ. దాన్ని చెప్పాలంటే గుడి గురించి చెప్పాలి, కులం గురించి చెప్పాలి. మతం మాటే ఎత్తకుండా ఆ పాఠం చెప్పడం ఎవరివల్లా కాదు.

సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో నడిచింది. 1971లో డీఏవీ కాలేజీ కేసులో గురునానక్ జీవితం, బోధనలపై యూనివర్సిటీలో అధ్యయనం జరగడం మత బోధ కాదని చెప్పింది. కొఠారీ కమిషన్ (1964-66) కూడా మత విద్య వేరు, మతాల గురించిన విద్య వేరు అని అప్పటికే విడదీసింది. 2002 సెప్టెంబర్‌లో వచ్చిన అరుణా రాయ్ కేసు తీర్పు ఇంకా ముఖ్యమైనది. 2000 నాటి జాతీయ పాఠ్య ప్రణాళికలో మతాల గురించి, విలువల గురించి చెప్పాలని ఉండటాన్ని ఆ కేసులో సవాలు చేశారు. కోర్టు దాన్ని కొట్టేసింది.. అన్ని మతాల గురించి తెలియజెప్పడం ఆర్టికల్ 28కి విరుద్ధం కాదంది. అయితే ధర్మాసనంలో ఒకరైన జస్టిస్ ధర్మాధికారి విడిగా రాసిన తీర్పులో ఒక హెచ్చరిక చేశారు. బోధకూ అధ్యయనానికీ మధ్య గీత చాలా సన్నది, విద్య పేరుతో బోధ దూరకుండా చూసుకోవాలన్నది ఆ హెచ్చరిక సారాంశం.

క్లాసు రూంలో ఈ గీతను గుర్తుపట్టడం ఎలా? ప్రశ్నాపత్రం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. గజేంద్రుడి మొరలో కవి వాడిన అలంకారం ఏది అని అడిగితే అది తెలుగు పాఠం. ఆపదలో దేవుడు ఎందుకు తప్పక వస్తాడో నిరూపించండి అని అడిగితే అది వేరే పాఠం. మొదటి ప్రశ్నకు ఏ ఇంటి పిల్లాడైనా పది మార్కులు తెచ్చుకోగలడు. రెండోదానికి నమ్మకం ఉన్నవాడికే మార్కులు.

విలువల పాఠాలకూ ఇదే కొలత. అమ్మానాన్నల్ని గౌరవించు, అబద్ధం ఆడకు, ఆడపిల్లల్ని ఏడిపించకు.. ఇవి ఏ గ్రంథం నుంచి వచ్చినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. చాగంటి చెప్పినా, ఓ ఫాదర్ చెప్పినా, ఓ మౌల్వీ చెప్పినా సమస్య చెప్పేవాళ్ల వేషంలో లేదు. ఉదాహరణలన్నీ ఎప్పుడూ ఒకే ఇంటి నుంచి వస్తుంటే మాత్రం మిగతా ఇళ్ల పిల్లలకు ఒక మాట అర్థమవుతుంది.. మంచితనం మా ఇంట్లో లేదు కాబోలు అని. గుజరాత్ ప్రభుత్వం 2022లో 6 నుంచి 12 తరగతుల్లో భగవద్గీతను చేరుస్తామని ప్రకటించినప్పుడు వచ్చిన అభ్యంతరాల వెనకా ఉన్నది ఇదే. ఆర్టికల్ 51ఏ శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడాన్ని పౌరుల బాధ్యతల్లో చేర్చిందని, అది 1976 నుంచీ ఉందని గుర్తు చేసేవాళ్లు కూడా ఉన్నారు.

అసలు చిక్కు పుస్తకంలో లేదు, ప్రేయర్‌లో ఉంది

పుస్తకం కమిటీల చేతుల మీదుగా వస్తుంది. నలుగురు చూస్తారు, తప్పుంటే కేసులు పడతాయి. పొద్దున్నే గ్రౌండులో జరిగే ప్రేయర్‌ను ఎవరు చూస్తారు? సరస్వతీ ప్రార్థన, కొత్త కంప్యూటర్ రాగానే కొబ్బరికాయ, టెన్త్ హాల్ టికెట్లకు పూజ, కొన్నిచోట్ల క్రిస్మస్ కేకు, ప్రార్థన.. ఇవేవీ ఏ జీవోలోనూ ఉండవు. అలవాటుగా జరిగిపోతాయి. చేసే టీచర్లలో చాలామందికి చెడు ఉద్దేశం కూడా ఉండదు. కానీ చేతులు జోడించని ఆ ఒక్క పిల్లను వరసలో ముందుకు పిలిచి అడిగినప్పుడు.. అది బోధ కంటే బరువైన పనే అవుతుంది.

దీని మీద దేశంలో అందరూ చెప్పుకునే తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. 1985లో వారిని బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. గౌరవంగా మౌనంగా నిలబడటం అవమానం కాదు, పాడి తీరాలని చెప్పే చట్టం లేదు, వాళ్లను తిరిగి చేర్చుకోండి అంది. జాతీయ గీతం విషయంలోనే మౌనానికి హక్కు ఉంటే, దేవుడి పాట విషయంలో ఎంత ఉండాలో వేరే చెప్పక్కర్లేదు.

కేంద్రీయ విద్యాలయాల్లో పొద్దున పాడే సంస్కృత, హిందీ ప్రార్థనల మీద కూడా సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అవి ఉపనిషత్తులవి, సార్వజనీనమైనవి అని ఒక వాదన. దేవుణ్ని నమ్మని కుటుంబాల పిల్లల సంగతేంటి అని మరో వాదన. 2019 జనవరిలో జస్టిస్ నారిమన్ ధర్మాసనం ఇది రాజ్యాంగ ధర్మాసనం తేల్చాల్సిన విషయమని సిఫారసు చేసింది.

ఇక్కడ చిన్న ముచ్చట. ప్రేయర్‌లో పిల్లలు రోజూ చెప్పే ప్రతిజ్ఞ రాసింది నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. అందులో ఏ దేవుడి పేరూ లేదు. అన్ని ఇళ్ల పిల్లలూ ఒకే గొంతుతో చెబుతారు.

మాల వేసుకుని వస్తే? హిజాబ్ వేసుకుంటే?

నవంబర్ వస్తే కోనసీమలో నల్లబట్టల అయ్యప్పలు కనిపిస్తారు. దసరాకు భవానీలు, ఆ తర్వాత హనుమాన్ దీక్షలు. పిల్లలు కూడా మాల వేసుకుంటారు. ఇది మాత్రం ఆర్టికల్ 28 గొడవ కాదు. అక్కడ ప్రశ్న బడి ఏం నేర్పుతోంది అని. ఇక్కడ ప్రశ్న పిల్లాడు తన నమ్మకాన్ని బడికి తెచ్చుకోవచ్చా అని. ఇది ఆర్టికల్ 25 పరిధి.. యూనిఫాం నిబంధనకూ మత స్వేచ్ఛకూ మధ్య పేచీ.

ఈ పేచీ ఎంత దూరం వెళ్తుందో 2024 ఏప్రిల్‌లో తెలంగాణలోని మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేటలో చూశాం. ఓ ప్రైవేటు మిషనరీ స్కూలుకు కొందరు విద్యార్థులు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చారు. యాజమాన్యం ప్రశ్నించిందన్న వార్త వీడియోలుగా పాకింది. స్కూలు మీద దాడి జరిగింది, పోలీసు కేసులు నమోదయ్యాయి. కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధం సరే అన్నారు, జస్టిస్ సుధాంశు ధూలియా కాదన్నారు. మాలకు ఒక రూలు, హిజాబ్‌కు ఒక రూలు పెడితే మాత్రం అది తేడా చూపడమే. మామూలుగా గొడవ మొదలయ్యేది ఆ తేడా దగ్గరే.

ప్రశ్న దేవుణ్ని నమ్మనివాళ్లకు కూడా

2021 మార్చిలో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధ క్షేత్రం వద్ద జరిగిన ఓ కార్యక్రమం వీడియో వైరల్ అయింది. అక్కడ కొందరు హిందూ దేవుళ్లను నమ్మబోమంటూ ప్రతిజ్ఞ చేశారు. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధం స్వీకరించినప్పుడు అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనివి అవి. కార్యక్రమంలో అప్పటి సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి ఆర్ఎస్ ప్రవీణ్ కుమార్ ఉండటంతో వివాదమైంది. ఆ ప్రతిజ్ఞ చేయించింది తాము కాదని ఆయన వివరణ ఇచ్చారు.

అది బడిలో జరిగింది కాదు. కానీ గీత ఎటు వైపు గీసినా ఒకేలా ఉండాలని గుర్తు చేసింది. 22 ప్రతిజ్ఞల చరిత్ర, అంబేడ్కర్ ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చారో క్లాసులో చెప్పడం అధ్యయనం. గురుకులం పిల్లల చేత వాటిని చేయించడం బోధ. నమ్ము అని చెప్పినట్టే నమ్మకు అని ప్రమాణం చేయించడం కూడా సర్కారు బడి పని కాదు. ఆదుర్రు స్తూపం దగ్గరికి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లొచ్చు, అప్పనపల్లి ఆలయ కథ చెప్పొచ్చు, చర్చి ఎలా వచ్చిందో చెప్పొచ్చు. దండం పెట్టమని మాత్రం ఎక్కడా చెప్పకూడదు.

టీసీలో ఒక మతం, ఇంట్లో ఒక మతం

కోనసీమలో ఈ చర్చ మిగతా చోట్లకంటే ఎందుకు సున్నితం అంటే కారణం ఇక్కడుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు, ఏపీలో బీసీ-సీ కిందికి వస్తారు. 2025లో ఏపీ హైకోర్టు కూడా మతం మారినవారికి ఎస్సీ రక్షణ వర్తించదని మరోసారి చెప్పింది. అందుకే ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబాల్లో కొందరి పిల్లలకు బడి రిజిస్టర్‌లో హిందూ అని ఉంటుంది. స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు, రేపటి ఉద్యోగం అన్నీ ఆ ఒక్క గడి మీద ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పిల్లాడి నాన్న మా అబ్బాయిని ఈ పూజకు కూర్చోబెట్టొద్దు అని ఏ మొహంతో లెటర్ రాయగలడు? రాస్తే, మీ మతం ఏంటి అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న హెచ్ఎం గదిలో ఆగకపోవచ్చు. రాజ్యాంగం ఇచ్చిన సమ్మతి హక్కు కాగితం మీద ఉంది, వాడుకోవాలంటే మాత్రం సర్టిఫికెట్‌ను పణంగా పెట్టాలి. అందుకే చాలామంది నోరు మెదపరు. పిల్లాడు చేతులు జోడించేస్తాడు.

మతం, కులం చెప్పుకోవడం ఇష్టం లేనివాళ్ల సంగతి ఇంకోటి. జనన ధ్రువీకరణ పత్రం దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అనే కాలమ్ పెట్టాలని తెలంగాణ హైకోర్టు 2023లో ఆదేశించింది.

ప్రభుత్వ బడిలో సమ్మతి అడిగే పద్ధతి కాకుండా పూర్తి నిషేధమే ఎందుకు పెట్టారో ఇక్కడ బాగా అర్థమవుతుంది. సమ్మతి అడిగితే చెప్పలేనివాళ్లు ఉంటారు. అసలు అడగాల్సిన అవసరమే రాకపోతే ఎవరూ ఏదీ బయటపెట్టుకోనక్కర్లేదు.

డాలస్‌లో, లండన్‌లో, దుబాయ్‌లో మనవాళ్లకు..

అమెరికాలో 1962లో ఎంగెల్ కేసులో ప్రభుత్వ బడుల్లో బడి చేయించే ప్రార్థనను అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాది షెంప్ కేసులో బైబిల్ పారాయణాన్నీ కొట్టేసి, మతాన్ని చరిత్రగా, సాహిత్యంగా చదవడం మాత్రం తప్పుకాదంది. డాలస్‌లో పబ్లిక్ స్కూలుకు వెళ్లే తెలుగు పిల్లాడు పొద్దున్నే ఏసు ప్రార్థన చేయకుండా ఇంటికి రావడానికి కారణం ఆ తీర్పులే. 2005-06లో కాలిఫోర్నియా ఆరో తరగతి పుస్తకాల్లో హిందూ మతం గురించి రాసిన తీరు మీద ప్రవాస భారతీయులే రెండు వర్గాలుగా వాదులాడారు. అక్కడ మైనారిటీగా ఉన్నవాళ్లకు ఈ గీత విలువ వెంటనే తెలిసొస్తుంది.

ఇంగ్లండ్ దారి వేరు. బడిలో మతాల పాఠం ఉంటుంది, రోజూ ప్రార్థన కూడా ఉండాలి, అది ప్రధానంగా క్రైస్తవ తరహాలో ఉండాలని 1988 చట్టం చెబుతోంది. కానీ తల్లిదండ్రులు తమ పిల్లల్ని తప్పించొచ్చు. యూఏఈలో ఇస్లామిక్ విద్య ముస్లిం విద్యార్థులకు తప్పనిసరి, మిగతావాళ్లకు కాదు. గల్ఫ్‌లో కుటుంబాలున్న కోనసీమ వాళ్లకు ఇది తెలిసిన సంగతే.

తల్లిదండ్రులకు అభ్యంతరం ఉంటే ఏం చేయాలి?

ప్రైవేటు, ఎయిడెడ్ బడి అయితే ఆర్టికల్ 28(3)ను ప్రస్తావిస్తూ హెచ్ఎంకు ఒక లెటర్ చాలు. మతం పేరు రాయాల్సిన పనిలేదు, సమ్మతి లేదు అని రాస్తే సరిపోతుంది. ప్రభుత్వ బడి అయితే సమ్మతి ప్రసక్తే లేదు. అభ్యంతరాన్ని హెచ్ఎంకు, అక్కడ తేలకపోతే ఎంఈఓకు, డీఈఓకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. పుస్తకంలోని పాఠం మీద అభ్యంతరమైతే ముందు ఆ పాఠం పూర్తిగా చదవడం మంచిది.. ఫోన్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ కాకుండా.

ఎక్కువమంది వాడని దారి ఒకటి ఉంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ప్రభుత్వ బడికి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది మహిళలు ఉండాలి. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లు, బడికి వచ్చిన నిధుల గురించి అడిగినట్టే.. రేపటి ప్రేయర్‌లో ఏ పాట పాడిస్తున్నారని కూడా ఆ మీటింగ్‌లో అడగొచ్చు.